తన ఆటను తానే ఎరుగని ఆటగాడు

1988 జూలై 4వ తేదీ. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో, టొరంటో మహానగరానికి ఈశాన్య దిశగా బ్రూక్లిన్ అనే చిన్న ఊరు ఉన్నది. అమెరికాలోని సుప్రసిద్ధమైన బ్రూక్లిన్‌కూ దీనికీ పేరులో తప్ప మరే పోలికా లేదు. ఆ రోజు ఆ పరిసరాలలో వెళుతున్న ఒక జీపును, ఎర్రదీపాన్ని లక్ష్యపెట్టకుండా దూసుకువచ్చిన ఒక వ్యాను ఢీకొన్నది. జీపు నడుపుతున్న మనిషి ఎగిరి బయటపడ్డాడు. శరీరమంతా గాయాలే. కాని అన్నింటికన్నా పెద్ద గాయం పైకి కనిపించేది కాదు; అది కపాలం లోపల ఉన్నది.

స్పృహలేని స్థితిలో ఆసుపత్రి మంచం మీద పడివున్న అతడు బ్రతుకుతాడన్న ఆశ తొలిరోజులలో ఎవరికీ లేదు. అయినా బ్రతికాడు. కళ్ళు తెరిచాడు. ప్రక్కన నిలబడి తన ముఖంలోకి ఆత్రంగా చూస్తున్న స్త్రీ ఎవరో అతనికి తెలియలేదు. ఆమె అతని భార్య. చూడవచ్చిన ముగ్గురు కుమార్తెలు కూడా అతనికి అపరిచితులే. తన పేరు తెలియదు, తన తల్లిదండ్రులు తెలియరు, తాను పుట్టిన ఊరు తెలియదు. ప్రమాదం జరిగిననాటికి అతని వయస్సు 44 సంవత్సరాల మూడు వారాలు. ఆ 44 సంవత్సరాలూ పలక మీది రాతవలె తుడిచిపెట్టుకుపోయాయి.

ఆ మనిషి పేరు టెర్రీ ఎవాన్షెన్. కెనడాలో అది అనామకుని పేరు కాదు. 14 సంవత్సరాలపాటు వేలాది ప్రేక్షకులు స్టేడియాలలో నిలబడి కేకలు వేసిన పేరు; ప్రమాదానికి నాలుగేళ్ళ ముందే, 1984లో, కెనడా ఫుట్‌బాల్ కీర్తిమందిరంలోకి ఎక్కిన పేరు. అతడు పట్టిన ప్రతి బంతికీ, పరుగెత్తిన ప్రతి గజానికీ లెక్క ఉన్నది. ఆ లెక్కలు లీగు పుస్తకాలలో పదిలంగా ఉన్నాయి, చిత్రాలు ఫిల్ములలో ఉన్నాయి, ముచ్చట్లు ముసలి అభిమానుల నోళ్ళలో ఉన్నాయి. లేనిదల్లా ఆ బంతులు పట్టినవాని మనసులోనే.

ఈ నష్టం ఎంతటిదో గ్రహించాలంటే ముందు ఆ ఆట ఏమిటో, అందులో అతని పని ఏమిటో కొంత తెలుసుకోవాలి.

ఫుట్‌బాల్ అనగానే మన పాఠకుల మనసులో మెదిలేది కాలితో తన్నే గుండ్రని బంతి. కెనడా వాసులు ఆ పేరుతో పిలిచే ఆట వేరు. బంతి రెండు కొసలా మొనదేలిన గ్రుడ్డు ఆకారంలో ఉంటుంది. దానిని చేతితో విసరవచ్చు, చంకన ఇరికించుకొని పరుగెత్తవచ్చు. రగ్బీ ఆట కడుపున పుట్టి, పొరుగున ఉన్న అమెరికా ఆటతో కలిసి పెరిగి, కొన్ని విషయాలలో మాత్రం తన పట్టు విడువని ఆట ఇది. అమెరికాలో జట్టుకు 11 మంది అయితే కెనడాలో 12 మంది. 10 గజాలు ముందుకు సాగడానికి అమెరికాలో నాలుగు అవకాశాలు ఇస్తే, కెనడాలో ఇచ్చేవి మూడే. గోలుగీతల మధ్య దూరం అమెరికాలో 100 గజాలు; ఎవాన్షెన్ ఆడిన కాలపు కెనడా మైదానంలో 110 గజాలు. మన క్రికెట్ పిచ్‌లు అయిదింటిని కొసకు కొస చేర్చి పరిస్తే సరిగ్గా అంత పొడవు అవుతుంది. వెడల్పు 65 గజాలు.

మూడే అవకాశాలు అన్న నియమం చూడడానికి చిన్నది. కాని ఆట స్వభావమంతా దాని మీదనే ఆధారపడి ఉన్నది. మూడవ అవకాశాన్ని సాధారణంగా బంతిని దూరంగా తన్నివేయడానికే వాడుకుంటారు కనుక, నిజానికి జట్టుకు దక్కేవి రెండు ప్రయత్నాలే. రెండడుగులు తోసుకుంటూ, మూడడుగులు పాకుకుంటూ పోతే ఆ పది గజాలు తీరవు. బంతిని గాలిలోకి విసరక తప్పదు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. దూరాన పరుగెత్తుతూ దానిని అందుకునేవాడు వైడ్ రిసీవర్. ఎవాన్షెన్ వృత్తి ఆ అందుకోవడమే.

దూరం నుండి చూసేవారికి అది సులభంగానే తోస్తుంది: బంతి వచ్చింది, పట్టాడు. కాని రిసీవరు తనకు తోచిన దారిన పరుగెత్తడు. ఆట ప్రారంభం కావడానికి ముందే క్వార్టర్‌బ్యాక్ చెప్పిన రెండు మూడు సంకేతపదాలను బట్టి, ఇన్ని గజాలు సూటిగా పోవాలి, ఇక్కడ ఎడమకు విరగాలి, అక్కడ వెనుదిరగాలి అన్నది ముందే నిశ్చయమై ఉంటుంది. అటువంటి పన్నుగడలు ఒక్కొక్క జట్టుకు పదులకొద్దీ ఉంటాయి. ప్రతివారం ఎదుటి జట్టును బట్టి మారుతుంటాయి. రిసీవరు తలతిప్పకముందే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసిరివేస్తాడు. మనిషిని చూసి కాదు, ఆ మనిషి క్షణం తరువాత చేరుకోవలసిన ఖాళీచోటును చూసి. పాఠం ఒక్క అడుగు మరచిపోతే బంతి శత్రువు చేతిలో పడుతుంది. కండలతోపాటు కంఠస్థం కూడా కావలసిన వృత్తి అది. జ్ఞాపకాన్ని పూర్తిగా పోగొట్టుకున్న ఈ మనిషి, పధ్నాలుగేళ్ళు జ్ఞాపకం మీదనే బ్రతికాడు!

ఇక ప్రమాదం మాట. కబడ్డీలో కూతకు వెళ్ళినవానికి ఎదురుగా ఎందరున్నారో, ఎవరు ఎటు కదులుతున్నారో కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రిసీవరుకు ఆ సౌకర్యం లేదు. అతని చూపు ఆకాశంలోని బంతి మీద ఉండాలి, చేతులు పైకి చాచి ఉండాలి, ప్రక్కటెముకలకు ఏ అడ్డూ ఉండదు. సరిగ్గా ఆ క్షణం కొరకే కాచుకొని ఉన్న ప్రత్యర్థి పూర్తి వేగంతో వచ్చి గుద్దుతాడు. దెబ్బ తగులుతుందని తెలిసి కూడా బంతి మీదనుండి కన్ను మరల్చనివాడే రిసీవరుగా నిలుస్తాడు.

ఎవాన్షెన్ 1944 జూన్ 13న మాంట్రియల్ నగరంలో పుట్టాడు. అతడు పెరిగిన పాయింట్ సెయింట్ చార్లెస్ పేట సంపన్నుల నివాసం కాదు. ఒకవైపు లాషీన్ కాలువ, మరొకవైపు రైల్వే యార్డులు, మధ్యలో కర్మాగారాల పొగగొట్టాల నీడలో ఆనుకొని కట్టిన కార్మికుల ఇళ్ళు. ఇంగ్లీషు మాట్లాడేవారు, ఫ్రెంచి మాట్లాడేవారు, తూర్పు ఐరోపా నుండి వచ్చి స్థిరపడినవారు ఆ వీధులలో కలిసి బ్రతికేవారు. అక్కడి కుర్రవాడు అమెరికాలోని యూటా రాష్ట్ర విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాడు. తిరిగివచ్చి 1965లో స్వంత ఊరి జట్టయిన మాంట్రియల్ అలూయెట్స్‌లో చేరాడు. అలూయెట్ అంటే ఫ్రెంచి భాషలో భరతపక్షి. ఉరుకులాటలో ఒకరినొకరు నేలకూల్చుకునే మల్లుల జట్టుకు అంత సుకుమారమైన పేరు పెట్టుకోవడం ఫ్రెంచివారికే చెల్లింది.

తొలి సంవత్సరమే తూర్పు విభాగంలో ఉత్తమ నూతన క్రీడాకారునికిచ్చే గ్రూయెన్ ట్రోఫీ అతనికి దక్కింది. ఆ గౌరవం విలువ తెలియాలంటే ఒక విషయం గుర్తుంచుకోవాలి. కెనడా జట్లలో అమెరికా నుండి వచ్చేవారు ఎందరుండవచ్చో లీగు నిబంధనలు పరిమితి విధిస్తాయి. అయినా బంతి చేతికి అందే స్థానాలు, అంటే పేరు తెచ్చే స్థానాలు, చాలావరకు ఆ వచ్చినవారికే పోయేవి. స్వదేశీయుని వాటా తరచుగా ముందువరుసలో నిలబడి దెబ్బలు కాచే పని. ఉత్తమ క్రీడాకారుని బహుమతి మళ్ళీ మళ్ళీ అమెరికన్లకే పోతున్నందువల్లనే కాబోలు, కెనడాలో పుట్టి పెరిగినవారిలో ఉత్తమునికి ప్రత్యేకంగా మరొక షెన్లీ బహుమతిని ఏర్పరచుకున్నారు. పరాయివాని చేతిలో ఉన్న స్థానంలోకి పేటకుర్రవాడు అడుగుపెట్టాడు.

మరుసటి ఏడు అతడు పశ్చిమాన రాకీ పర్వతాల చెంతనున్న కాల్గరీ నగరానికి మారాడు. పశువుల మందలకూ, గుర్రపు రౌతుల పోటీలకూ పేరుపొందిన ఊరు అది. అక్కడి జట్టు పేరు కూడా అందుకు తగినట్లే స్టాంపీడర్స్. ఎవాన్షెన్ జీవితంలో మహోజ్జ్వలమైన కాలం అక్కడి నాలుగు సంవత్సరాలు.

1966 సెప్టెంబరు 27న విన్నిపెగ్‌లో ఆట. స్టాంపీడర్లు తమ గోలుగీతకు ఒకే ఒక గజం దూరంలో చిక్కుకొని ఉన్నారు. వెనుకకు ఒక్క అడుగు నెట్టబడినా ఎదుటివారికి పాయింట్లు. ఏ బుద్ధిమంతుడైనా అటువంటి చోట బంతిని గట్టిగా పొట్టకు అదుముకొని రెండు గజాలు ముందుకు జరిగితే చాలునని సంతోషిస్తాడు. క్వార్టర్‌బ్యాక్ జెర్రీ కీలింగ్ అలా చేయలేదు, బంతిని విసిరాడు. అందుకున్నవాడు ఎవాన్షెన్. మైదానం ఆ కొసన అందుకున్న ఎత్తుగడ ఈ కొసన టచ్‌డౌన్‌తో ముగిసింది. లెక్క 109 గజాలు. 110 గజాల మైదానంలో ఇంతకు మించి ఒక పాసు సాగడానికి చోటే లేదు. రికార్డులు బద్దలు కావడానికే పుట్టాయని క్రీడాభిమానులు అంటూ ఉంటారు గాని, దీనితో సమానం కావడమే తప్ప దీనిని దాటడం ఎవరి తరమూ కాదు.

1967లో స్టాంపీడర్ల క్వార్టర్‌బ్యాక్ పీటర్ లిస్క్. ఆ సంవత్సరం అతని పాసులు 40 టచ్‌డౌన్లు తెచ్చిపెట్టాయి. లీగులో ఉత్తమ క్రీడాకారుడు కూడా అతడే. ఎవాన్షెన్ ఆ ఒక్క సీజనులో 96 పాసులు అందుకొని, 1,662 గజాలు గడించి, 17 టచ్‌డౌన్లు చేశాడు. అందుకున్న ప్రతి బంతికీ సగటున 17 గజాలకు పైగా అన్నమాట. ఉత్తమ కెనడియన్‌గా షెన్లీ బహుమతి అతనికే వచ్చింది.

1968లో కాల్గరీ జట్టు 19 సంవత్సరాల తరువాత మొదటిసారిగా గ్రే కప్ అంతిమ పోటీకి చేరుకున్నది. కెనడాలో ఆ పోటీ కేవలం ఒక ఆట కాదు. పశ్చిమ మైదానప్రాంతాల రైతులకూ తూర్పు నగరాల బాబులకూ మధ్య ఏటేటా సాగే చిన్నపాటి యుద్ధం. టొరంటోలో ఆటావా జట్టుతో జరిగిన ఆ పోటీలో ఎవాన్షెన్ రెండు టచ్‌డౌన్లు చేశాడు. అవి చాలలేదు. ఆటావాకు చెందిన విక్ వాషింగ్టన్ చేజారబోయిన బంతిని మళ్ళీ ఒడిసిపట్టి 80 గజాల దాకా పరుగెత్తిన పరుగుతో ఆట తారుమారైంది. 24–21తో కాల్గరీ ఓడిపోయింది.

విధి వినోదం చూడండి. 1970లో ఎవాన్షెన్ తిరిగి మాంట్రియల్ చేరాడు. ముందటి ఏడు రెండే ఆటలు గెలిచిన దౌర్భాగ్యపు జట్టు అది. కొత్త యజమాని, కొత్త శిక్షకుడు, పాత ఊరు. ఆ సంవత్సరం మూడవ స్థానంలో నిలిచి, ఎవరూ ఊహించని విధంగా గ్రే కప్ అంతిమ పోటీకి వచ్చింది. ఎదుట ఉన్నది కాల్గరీ! గడ్డి పెళ్ళలు పెళ్ళలుగా లేచిపోతున్న అధ్వాన్నపు మైదానంలో అలూయెట్లు 23–10తో నెగ్గారు. పశ్చిమాన నాలుగేళ్ళు వెతికినా దొరకని కప్పు, ఆ పశ్చిమం జట్టునే ఓడించి అతడు అందుకున్నాడు. మరుసటి సంవత్సరం, 1971లో, షెన్లీ బహుమతి రెండవసారి వచ్చింది. ఆ రోజులలో తూర్పు విభాగం జట్లు సీజనుకు 14 ఆటలే ఆడేవి, పశ్చిమంలో 16. తక్కువ ఆటలలోనే మళ్ళీ ఆ గౌరవం సంపాదించాడన్నది గమనించదగిన విషయం.

1974 నుండి నాలుగేళ్ళు హామిల్టన్‌లో, 1978లో టొరంటోలో ఆడి విరమించాడు. మొత్తం 600 పాసులు, 80 టచ్‌డౌన్లు, 9,697 గజాలు. ఈ చివరి సంఖ్యను మీటర్లలోకి మారిస్తే 8,867 అవుతుంది. మన ఎవరెస్టు శిఖరం ఎత్తు 8,849 మీటర్లు. ఎముకలు విరిచే జనసమ్మర్దంలోనుండి, ఒక్కొక్కసారి పది పదిహేను గజాలుగా, ఆ మనిషి ఎవరెస్టును దాటి నడిచాడన్నమాట.

ఆట విరమించిన తరువాత అందరివలెనే ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు. పాత కీర్తిని మురిపెంగా తలచుకునే వయసులోకి అడుగుపెడుతుండగా ఆ జూలై దినం వచ్చింది.

జ్ఞాపకం పోయిన మనుషుల కథలు సినిమాలలో చాలా చూశాం. తలకు దెబ్బ తగులుతుంది. కథానాయకుడు అన్నీ మరచిపోతాడు. మూడవ అంకంలో మరొక దెబ్బ తగులుతుంది, అన్నీ తిరిగివస్తాయి. నిజజీవితంలో రెండవ దెబ్బ మొదటిదాని పనినే కొనసాగిస్తుంది గాని మరమ్మతు చేయదు. అంతేకాక, తలకు గాయమైనవారు సాధారణంగా మరచిపోయేది ప్రమాదానికి ముందటి గంటలు, రోజులు, మహా అయితే కొన్ని సంవత్సరాలు. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, బాల్యస్మృతులు చివరిదాకా నిలుస్తాయి అని ఫ్రెంచి పండితుడు థియోడ్యూల్ రిబో 1881లోనే సూత్రీకరించాడు. ఎవాన్షెన్ విషయంలో ఆ సూత్రం చెల్లలేదు. బాల్యం కూడా మిగలలేదు.

జ్ఞాపకం గురించి నేటి శాస్త్రానికి తెలిసినదానిలో ముఖ్యభాగం ఎవాన్షెన్ ఆడిన నగరాలలోనే వెలుగుచూడడం ఒక విచిత్రమైన కలయిక. మాంట్రియల్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన బ్రెండా మిల్నర్ 1950లలో హెచ్.ఎమ్. అన్న పొడి అక్షరాలతో ప్రసిద్ధుడైన ఒక రోగిని పరీక్షించారు. మూర్ఛవ్యాధి నివారణకై 1953లో చేసిన శస్త్రచికిత్సలో అతని మెదడులోని కొంతభాగాన్ని తొలగించారు. ఆ తరువాత అతనికి కొత్త జ్ఞాపకమేదీ నిలవలేదు. అటువంటివాని చేత ఆమె, అద్దంలోని ప్రతిబింబాన్ని మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిలు నడిపించే అభ్యాసం చేయించారు. ప్రతిరోజూ తాను ఆ పని ఎన్నడూ చేయలేదనే అతడు చెప్పేవాడు. ప్రతిరోజూ అతని చేయి ముందటిరోజుకన్నా నేర్పుగా గీసేది. చేతికి తెలిసినది మనిషికి తెలియలేదు.

టొరంటోలో ఎండెల్ టుల్వింగ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1972లో మరొక భేదాన్ని ప్రతిపాదించారు. ఒక సంగతి తెలిసి ఉండడం వేరు, ఆ సంగతి జరిగినప్పుడు తాను అక్కడ ఉన్నట్లు తలచుకోగలగడం వేరు. 1981లో మోటారు సైకిలు ప్రమాదంలో గాయపడిన కె.సి. అనే యువకుడు ఆయన ప్రతిపాదనకు సజీవ నిదర్శనమయ్యాడు. చదరంగం ఎలా ఆడాలో అతనికి తెలుసు. కాని ఎవరితోనైనా, ఎప్పుడైనా చదరంగం ఆడిన సందర్భం ఒక్కటైనా గుర్తుకు రాదు. తన జీవితంలోని విషయాలను మరొకరి జీవితచరిత్ర చదివినట్లు చెప్పేవాడు.

ఎవాన్షెన్‌కు తన క్రీడాజీవితం తిరిగి దక్కిన తీరు కూడా ఇటువంటిదే. ఇల్లు చేరిన తరువాత భార్య ఆల్బములు ముందుంచింది. పాత ఆటల ఫిల్ములు చూపారు. తెర మీద ఒక యువకుడు గాలిలోకి లేచి బంతి అందుకుంటున్నాడు. అది నీవే అన్నారు. అతడు నమ్మాడు; నమ్మడానికి, జ్ఞాపకం రావడానికి మధ్యనున్న అగాధం మాత్రం పూడలేదు. తాను రెండుసార్లు షెన్లీ బహుమతి గెలిచానని అతడు నేర్చుకున్నాడు, మన పిల్లలు పానిపట్టు యుద్ధాల తేదీలు నేర్చుకున్నట్లు. ఆ బహుమతి చేతికి అందినప్పటి బరువును ఎవరు నేర్పగలరు?

ఆట సంగతి అటుంచండి. ఆ ఇంట జరిగిన అసలు పోరాటానికి ప్రేక్షకులు లేరు, లెక్కలు రాసేవారూ లేరు. నడక, మాట, చదువు, స్నానం, భోజనం అన్నీ మొదటినుండి నేర్పవలసివచ్చింది. కొత్తగా చెప్పినది సైతం గట్టిగా నిలిచేది కాదు. గాయపడిన మెదడు కోపానికి కళ్ళెం వేయలేదు. ఉన్నట్టుండి ఉగ్రుడై మండిపడేవాడు. ఆ కోపాన్ని భరించిన స్త్రీ, దాదాపు ఇరవై ఏళ్ళకు పైగా ఎరిగిన భర్త ముఖంలోనే భర్త లేకపోవడాన్ని కూడా భరించవలసివచ్చింది. మరణించినవారి కొరకు ఏడవవచ్చు. లోకం వచ్చి ఓదారుస్తుంది. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నవాని కొరకు ఏడ్చే ఇల్లాలికి ఓదార్పు చెప్పే ఆచారం ఏ దేశంలోనూ లేదు. కుమార్తెలు తమ తండ్రికి తాము ఎవరో పరిచయం చేసుకోవలసివచ్చింది. వారు పుట్టినప్పుడు ఎత్తుకొన్న చేతులు ఇవే, కాని ఆ చేతులకు అది తెలియదు.

అతడు పోగొట్టుకున్నది విషయాలను మాత్రమే కాదు. ఆప్యాయత, దుఃఖం, మమకారం అనే భావాలు కూడా అతనికి కొత్తభాషవలె ఉండేవి. పెళ్ళినాటి ప్రమాణాలు ఆమెకు గుర్తున్నాయి, అతనికి లేవు. అంటే ఆ బంధంలో కట్టుబడి ఉన్నది ఒక్క పక్షమే. ఆమె విడిచిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదేమో. ఆమె పోలేదు. అతడు ఆమెను మొదట తన అక్కరలు తీర్చే మనిషిగా, పిమ్మట ఇంటిలోని తోడుగా, సంవత్సరాలు గడిచిన మీదట భార్యగా ఎరిగాడు. పాత ప్రేమ గుర్తుకు రావడం కాదు అది. పాతదాని స్థానంలో కొత్తది మొలవడం.

ఈ కథనంతా టొరంటో పత్రికారచయిత్రి జూన్ కాల్‌వుడ్ 2000 సంవత్సరంలో పుస్తకంగా రాశారు. ప్రఖ్యాతులైన పెక్కుమంది ఆత్మకథలను వారి బదులు తాను తెరవెనుక ఉండి రాసిన నేర్పరి ఆమె. అటువంటి రచయిత్రికి ఎదురుగా కూర్చుని ఆత్మకథలో చెప్పవలసినది ఏమీ లేని మనిషి దొరికాడు. 1988కి ముందటి ఎవాన్షెన్‌ను ఆమె అతని భార్య నోటినుండి, స్నేహితుల నోటినుండి, తోటి ఆటగాళ్ళ నోటినుండి, పత్రికల పాత సంచికలనుండి ఏరి కూర్చవలసివచ్చింది. ఆ పుస్తకానికి ‘తన్ను తాను పోగొట్టుకున్న మనిషి’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. 2005లో అదే పేరుతో టెలివిజన్ చిత్రం వచ్చింది; ఎవాన్షెన్ పాత్రను డేవిడ్ జేమ్స్ ఎలియట్ ధరించాడు. ఎవాన్షెన్‌కు గుర్తులేని యౌవనాన్ని ఒక నటుడు కంఠస్థం చేసి అభినయించాడన్నమాట.

అప్పటికి ఎవాన్షెన్ మరొక వృత్తిలో ప్రవేశించి ఉన్నాడు. పాఠశాలలలో, వ్యాపారసంస్థల సమావేశాలలో, గాయపడినవారి కుటుంబాల ఎదుట నిలబడి ఉపన్యాసాలు ఇవ్వడం అతని పని. మెదడుకు గాయమైనవానిలో పైకి ఏ కట్టూ కనిపించదు. చక్కగానే ఉన్నాడు గదా, ఇక లేచి పని చూసుకోరాదా అని లోకం అంటుంది. అటువంటి మాటలు పడినవారికి, ఆ నిలువెత్తు మనిషి వేదికమీద నిలబడి మాట్లాడడమే ఒక సమాధానం. ఒకప్పుడు పన్నుగడలు బట్టీపట్టినట్లే ఇప్పుడు తన జీవితాన్ని అభ్యసించి ఇతరులకు అప్పజెప్పే పని అది. వేదిక దిగి ఇంటికి వచ్చిన తరువాత ప్రతిదినం సాగే శ్రమ ఉపన్యాసంలో ఇమిడేది కాదు.

హామిల్టన్‌లోని కీర్తిమందిరంలో అతని ప్రతిమ 1984 నుండి ఉన్నది. ఆ గౌరవం అందుకొన్న సాయంకాలం అతనికి లేదు. 1966 నాటి విన్నిపెగ్ ఆట కూడా లేదు. 2025లో కెనడా లీగు ఒక ప్రకటన చేసింది: 2027 నుండి గోలుగీతల మధ్య దూరం 110 గజాలనుండి 100 గజాలకు తగ్గించాలని నిర్ణయించారు. అది అమలైన తరువాత 109 గజాల పాసుకు మైదానంలో చోటే ఉండదు. కీలింగ్ చేతినుండి వెడలి, మైదానం ఈ కొసనుండి ఆ కొసకు చేరిన ఆ బంతి లెక్క మాత్రం పుస్తకంలోనే ఉంటుంది. ఎవాన్షెన్ కూడా దానిని అక్కడినుండే తెలుసుకున్నాడు.